చీపురుపుల్ల కొలత

నా నోటికి తాళం లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. దానికి తోడు పుదుచ్చేరి పక్కన సేదరపేట్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. రేకులు వంచే ప్రెస్సుల మధ్య సూపర్‌వైజరుగా నిలబడీ నిలబడీ నా గొంతు కూడా వాటికి తగ్గట్టే తయారైంది. నేను రహస్యం చెబితే ముత్యాలుపేటలో మా వీధి చివరి టీకొట్టు దాకా వినిపిస్తుంది. నేను మాత్రం గుసగుసలాడాననే అనుకుంటాను. అదే నా కొంప ముంచింది.

మా చెల్లెల్ని చూడటానికి పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చిన రోజది. అబ్బాయిది కడలూరు రోడ్డు మీదున్న కిరుమాంబాక్కం. కరెంటాఫీసులో ఉద్యోగం, పొద్దున పూట వాళ్ళ నాన్నతో పొలం పని. మాలాగే ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు. మనిషి ఎత్తు తక్కువ, నవ్వు ఎక్కువ. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నా చూపు తిన్నగా వెళ్ళి ఆయన పాదాల మీద పడింది. పొడుగు మామూలే. వెడల్పు మాత్రం, అబ్బో! అయిదు వేళ్ళూ దేని దారి దానిదే అన్నట్టు విచ్చుకుని ఉన్నాయి. నేను ఊరుకోవచ్చు కదా! వంటింట్లో కాఫీ గ్లాసులు సర్దుతున్న అమ్మ దగ్గరికెళ్ళి చెవిలో అన్నాను.

"ఏందిమా ఇవి, కాళ్ళా చేటలా? బియ్యం చెరగొచ్చు."

హాల్లో మాటలు ఆగిపోయాయి. తొంగి చూస్తే పెళ్ళికొడుకు నవ్వుతూనే ఉన్నాడు, కానీ పాదాలు రెండూ మెల్లగా కుర్చీ కిందికి లాక్కున్నాడు. మా చెల్లెలు అది చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాళ్ళు వెళ్ళాక "నాకు ఇష్టమే" అని అమ్మతో చెప్పింది. నాతో మాత్రం మాట్లాడటం మానేసింది.

తిట్టే మనిషితో వేగొచ్చు, మాట్లాడని మనిషితో ఎలా వేగుతాం? మా నాన్న పోయేనాటికి అది పదో తరగతి. అప్పటి నుంచి దాని ఫీజులకు, జ్వరాలకు, అలకలకు అన్నిటికీ నేనే. ఇప్పుడు లాస్‌పేటలో ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తోంది. రోజూ పొద్దున నా స్కూటరు మీద దాన్ని అక్కడ దింపి నేను సేదరపేట్ వెళ్ళాలి. దారి పొడుగునా వాగుతూనే ఉండే పిల్ల, ఆ తర్వాత నుంచి తన హ్యాండుబ్యాగు మా ఇద్దరి మధ్యన గోడలా పెట్టుకుని కిక్కురుమనకుండా కూర్చునేది. దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. ఇంట్లో ఏదైనా చెప్పాల్సొస్తే అమ్మ మీదుగానే.

"అమ్మా, ఆయనకు చెప్పు, కాఫీ చల్లారిపోతా ఉండాది."

ఆయనట! ఇరవై ఎనిమిదేళ్ళుగా అన్నా అన్నా అని నా ప్రాణం తీసిన పిల్ల నన్ను ఆయన అంటోంది. క్షమాపణ చెప్పేయొచ్చు కదా అంటారా? చెప్పబోయాను, రెండుసార్లు. మాట మొదలుపెట్టగానే లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మూడోసారి నాకే కోపమొచ్చింది. ఒక్క మాటకు ఇంత శిక్షా అని నేనూ బిగుసుకుపోయాను. మా నాన్న ఇద్దరికీ ఆస్తి ఏమీ ఇవ్వలేదు కానీ, పంతం మాత్రం సమానంగా పంచి వెళ్ళాడు.

ఇంతలో పెళ్ళి దగ్గర పడింది. మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళికి ముందురోజు సాయంత్రం పెళ్ళికొడుకును గుడి దగ్గర నుంచి మండపానికి మేళతాళాలతో తీసుకొస్తారు. దాన్ని మేమూ తమిళంలోనే మాప్పిళ్ళ అళైప్పు అంటాం. ఆ నడకకు కావలసిన సూటూ బూటూ ఆడపిల్ల వాళ్ళే పెట్టాలి. అందులో బూట్లు పెళ్ళికూతురి అన్న కొనాలి. కొని ఊరుకుంటే చాలదు, నలుగురి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని తన చేత్తో తొడగాలి. అప్పటివరకు పెళ్ళికొడుకు వాటిని చూడకూడదు, కాలు పెట్టి కొలుచుకోకూడదు. మరి కొలత ఎలాగంటే, మగపెళ్ళివారు ఒక చీపురుపుల్లను ఆయన పాదం పక్కన పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా విరిచి, చివర పసుపు రాసి పంపిస్తారు. తాతల నాటి నుంచీ ఇంతే.

పుల్ల వచ్చింది. కాగితంలో చుట్టి, పైన తమిళ అక్షరాల్లో "కుడి కాలు" అని మన తెలుగు మాటే రాసి పంపారు. మా తెలుగు నాలుక మీదే ఉంటుంది, చేతికి మాత్రం తమిళమే అలవాటు. నేను మాత్రం పట్టుబట్టి పెద్దయ్యాక తెలుగు రాయడం నేర్చుకున్నాను.

ఆ పుల్ల జేబులో పెట్టుకుని మిషన్ వీధిలో షాపులన్నీ తిరిగాను. బండిలో ఆయిలు ఎంతుందో చూసినట్టు ప్రతి బూటులోనూ పుల్ల దించి చూడటం, తీయడం. సేల్స్‌మన్లు నవ్వు ఆపుకోలేక చచ్చారు. ఎనిమిదో నంబరుకు పుల్ల సరిగ్గా సరిపోయింది. కానీ ఆ బూటు ముందు భాగం చూస్తే కాకిముక్కే! అందులో ఆ అయిదు వేళ్ళూ ఎలా దూరతాయి? పుల్ల దూరిందని పాదం దూరుతుందా? వెడల్పుగా ఉన్నవి చూపించమంటే ఒకడు రబ్బరు అడుగున్న వాకింగు బూట్లు తెచ్చాడు. సూటు మీదికయ్యా అంటే ఇంకొకడు పెద్ద కిటుకు చెబుతున్నట్టు దగ్గరికొచ్చాడు.

"రెండు సైజులు పెంచండి సార్, వెడల్పు దానంతట అదే వస్తుంది."

నాకూ విసుగొచ్చేసింది. పదో నంబరు కొనుక్కొచ్చాను. నల్లగా, అద్దంలా మెరుస్తూ, పడవంత పొడుగున ఉన్నాయి. అమ్మ చూసి "ముందర దూది పెడితే సరిపోతుందిలే రా" అని రెండు ఉండలు చేసి కూరింది. బడికెళ్ళే రోజుల్లో నా బూట్లలో కూడా అలాగే కూరేది.

సాయంత్రం మా చెల్లెలు ఆఫీసు నుంచి వచ్చి డబ్బా తెరిచింది. బూటులో చెయ్యి పెట్టి దూది ఉండ బయటికి లాగింది. దాన్ని బల్ల మీద పెట్టి, నా వైపు తిరక్కుండా అమ్మతో అంది.

"అమ్మా, ఆయనకు చెప్పు. ఒకసారి ఆ మనిషిని ఎగతాళి చేసింది చాలు. అళైప్పు దినం అందరి ముందర ఇవి తొడిగి, ఆ మనిషి కుంటుతా నడిస్తే, ఊరు ఊరంతా ఆ కాళ్ళనే చూస్తాది. అట్ల జరిగిందంటే పెండ్లైనాంక నేను ఈ గడప తొక్కను. నాకు అన్న లేడు అనుకుంటా."

గొంతు వణకలేదు, కళ్ళు తడవలేదు. అందుకే భయమేసింది. మా చెల్లెలు ఏడుస్తూ అన్న మాటలు మర్నాటికి మర్చిపోతుంది. ఏడవకుండా అన్న మాట నిలబెట్టుకుంటుంది.

మర్నాడు ఫ్యాక్టరీలో భోజనాల దగ్గర నా గోడు వెళ్ళబోసుకుంటే, పక్క సెక్షన్లో పనిచేసే ఆయన ఒక దారి చూపించాడు. వాళ్ళ నాన్నకు షుగరు, కాళ్ళు వాచిపోతాయట. విల్లియనూరు వెళ్ళే దారిలో ఒకావిడ అలాంటి వాళ్ళకు చెప్పులు, బూట్లు కుట్టి ఇస్తుందట. ఇంతకుముందు విదేశాలకు బూట్లు పంపే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు చేసిందట. ఆ సాయంత్రమే పుల్ల పట్టుకుని పరిగెత్తాను.

రోడ్డు పక్కన చిన్న షెడ్డు. లోపల తోలు వాసన, జిగురు వాసన. అరల నిండా చెక్కతో చేసిన పాదాల అచ్చులు. యాభై దాటిన ఆవిడ, ముక్కు మీద కళ్ళజోడు, ఒళ్ళో సగం కుట్టిన బూటు. మాట్లాడింది తమిళంలోనే, మీకు నేను తెలుగులో చెబుతున్నాను. పుల్ల ఆవిడ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటి తంబీ?"

"పెళ్ళికొడుకు పాదం అక్కా."

"ఇంత సన్నగా ఉందా పాపం!"

నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వడం అయ్యాక మాత్రం చురకలు పెట్టింది. పుల్ల పొడుగు చెబుతుంది, చుట్టుకొలత చెబుతుందా? కూర్చున్నప్పుడు పాదం ఒకలా ఉంటుంది, నిలబడి బరువు మోపితే ఇంకోలా పరుచుకుంటుంది. పొద్దున ఒకలా, సాయంత్రానికి ఒకలా. కుడికాలు ఎడమకాలు ఒకటి కావు. బొటనవేలి కీలు దగ్గర చుట్టూ టేపు పట్టాలి, పాదం పైన ఎత్తు చూడాలి. ఇవన్నీ లేకుండా నేను కుట్టను, మనిషిని తీసుకురా అంది. ఆచారం ఒప్పుకోదక్కా అన్నాను. అయితే నువ్వే వెళ్ళి కొలిచి తీసుకురా అంది.

"నాకు రాదు కదక్కా."

"నీ కాళ్ళ మీదే నేర్చుకో. బూట్లు విప్పు."

ఖాకీ కాగితం పరిచి నన్ను దాని మీద నిలబెట్టింది. పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీసింది, టేపు పెట్టింది, అంకె రాసుకుంది. తర్వాత నా ఫ్యాక్టరీ బూటు తీసి ఆ గీత మీద పెట్టింది. గీత రెండు పక్కలా వేలు మందాన బయటికొచ్చింది. నా చిటికెన వేలి మీద ఆనెకాయను పెన్సిలుతో పొడిచింది. అమ్మా అని అరిచాను.

"నీదీ వెడల్పు పాదమే తంబీ. ఇన్నేళ్ళూ ఇరుకు బూట్లలో ఎలా నడిచావు?"

ఎలా నడిచానా? బూటంటే కరుస్తుంది, కాలన్నాక కాయ కాస్తుంది, అది లోకధర్మం అనుకుని నడిచాను. పదేళ్ళ వయసు నుంచీ దూది పెట్టుకుని, రెండు నంబర్లు పెంచుకుని నడిచాను. ఇంటికి రాగానే బూట్లు ఊడదీసి విసిరి కొట్టడం, అమ్మ మీద చిర్రుబుర్రులాడటం, అన్నిటికీ మూలం ఇదన్నమాట! గురివింద గింజ తన నలుపెరగదంటే వినడమే కానీ, ఆ గింజ నేనే అవుతానని అనుకోలేదు. కాగితం మీది గీత మళ్ళీ చూశాను. చేట కాకపోయినా, చేటకు తమ్ముడిలాగే ఉంది ఆ పాదం.

ఆదివారం సాయంత్రం కాగితం చుట్ట, టేపు పట్టుకుని కిరుమాంబాక్కం వెళ్ళాను. పెళ్ళికొడుకు పొలం నుంచి అప్పుడే వచ్చి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. వాళ్ళమ్మ నన్ను చూసి కంగారు పడింది.

"పుల్ల పంపించినాం కదా నాయనా, యాడన్నా పోయిందా?"

"పుల్ల ఉండాది అత్తా. అది పొడుగే చెప్తాది, వెడల్పు చెప్పదు. బూట్లు చూపించను, కొలత మాత్రం తీసుకుంటా."

వసారాలో కాగితం పరిచాను. ఆయన తడి కాళ్ళు తుడుచుకుని వచ్చి, కాగితం దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ అదే నవ్వు. మళ్ళీ అదే, పాదాలు కాస్త వెనక్కి.

"వద్దులే బావా, ఏదో ఒకటి కొనెయ్యి. ఒక్క పూటే కదా, ఓర్చుకుంటా. నాకు అలవాటే. బడిలో బూటు పట్టక మా నాయన పక్కన బ్లేడుతో కోసి పెట్టేవాడు. పెరేడు అంటే నన్ను వెనక వరసలో నిలబెట్టేవాళ్ళు."

నవ్వుతూనే చెప్పాడు. నా మాట కుర్చీలో కూర్చున్న మనిషికి తగల్లేదు, ఆ వెనక వరసలో నిలబడిన పిల్లాడికి తగిలింది. ఇంక నేను ఏ ముందుమాటా పెట్టుకోలేదు. నా బూట్లు, మేజోళ్ళు విప్పి, ఆ కాగితం మీద ముందు నా పాదం పెట్టాను.

"ఇట్ల చూడు బావా. ఈ చిటికెన వేలు చూడు, ఈ కాయలు చూడు. ఇది పెట్టుకోని నిన్ను అంటిని. తప్పు నాది. నా నోరు మంచిది కాదు, నన్ను మన్నించు."

ఆయన వంగి నా పాదం చూశాడు. తన పాదం తెచ్చి పక్కన పెట్టాడు. ఇద్దరి పాదాలూ కలిసి కాగితం అంతా ఆక్రమించేశాయి. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. లోపల నుంచి వాళ్ళమ్మ ఏమైందో అని పరిగెత్తుకొచ్చింది.

"నీదీ తక్కువేం కాదు బావా! నీకెవురూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్ళు యాడుండారు? మా ఇంట్లో నోరు నాకొక్కడికే కదా."

మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. పెన్సిలు నిటారుగా పట్టుకున్నాను. బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా వేయమన్నాను. ఎడమది కుడిదాని కన్నా కాస్త పెద్దది. అంకెలు రెండుసార్లు రాసుకున్నాను.

ఆ కాగితం చూసి షెడ్డులో ఆవిడ "ఇది పాదమంటే" అంది. ఆయన పొడుగుకు సరిపోయే అచ్చు తీసి, దానికి రెండు పక్కలా తోలు ముక్కలు అంటించి, చెక్కి, మళ్ళీ అంటించి, కొలతకు తెచ్చింది. బూటు ముందు భాగం గుండ్రంగా రావాలంది. లేసు కట్టే రెక్కలు రెండూ విడిగా తెరుచుకునే రకమైతేనే ఎత్తు పాదం ఇబ్బంది లేకుండా దూరుతుందంది. ముదురు గోధుమరంగు తోలు, కుట్టు మీద కుట్టు, అడుగున కూడా తోలే. నేను రోజూ డ్యూటీ దిగి అటే వెళ్ళేవాణ్ణి. అయ్యాయా అని ఎన్నిసార్లు అడుగుతావు తంబీ, కుట్టేది నువ్వా నేనా అని కసిరేది.

తయారయ్యాక ఒక చిక్కొచ్చింది. ఒక్కసారైనా కాలు పెట్టి చూడకుండా ఇవ్వనంది ఆవిడ. పెళ్ళికొడుకు రాకూడదంటే నువ్వు వేసుకో, నీ పాదం ఆయనదాని కన్నా కాస్త చిన్నది, నీకు కొంచెం వదులైతే ఆయనకు సరిపోయినట్టే అంది. వేసుకున్నాను. లేసు కట్టుకుని షెడ్డులో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. మళ్ళీ నడిచాను. కాస్త వదులుగానే ఉంది కానీ, వేళ్ళు అయిదూ నేల మీద హాయిగా కూర్చున్నాయి. ఎక్కడా కరవలేదు. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్న నాకు, బూట్లు వేసుకుని కూడా బూట్లు లేనట్టు నడవొచ్చని ఆ రోజే తెలిసింది. ఆవిడ విప్పమని మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. ఈ సంగతి ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. పక్క గది తలుపు వేసే ఉంది, కానీ నా గొంతు సంగతి మీకు తెలుసు కదా.

అళైప్పు రోజు సాయంత్రం వినాయకుడి గుడి ముందు కుర్చీ వేశారు. సూటులో పెళ్ళికొడుకు, కాళ్ళకు కొత్త మేజోళ్ళు. చుట్టూ రెండు వైపుల బంధువులు, ఫోన్లు పైకెత్తుకుని. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. డబ్బా తెరిచి, ముందు కుడి బూటు లేసులు వదులు చేసి, రెక్కలు విప్పి పట్టుకున్నాను. ఆయన పాదం లోపలికి జారింది. ఎక్కడా ఆగలేదు, తోయాల్సిన పని రాలేదు. ఎడమది కూడా అంతే. ఆయన లేచి నిలబడి, వేళ్ళు లోపల కదిపి చూసుకున్నాడేమో, ఒక్క క్షణం నేల వైపు చూశాడు. తర్వాత తలెత్తాడు. ఈసారి నవ్వు వేరేగా ఉంది.

"బావా," అన్నాడు మెల్లగా, "కరవలే."

నాదస్వరం అందుకుంది. ఆయన ముందు వరసలో, అందరికన్నా ముందు, ఛాతీ విరుచుకుని నడిచాడు. నేను పక్కనే నడుస్తూ ఆయన మొహం చూడకుండా కాళ్ళే చూస్తున్నాను. మండపం మేడ మీది కిటికీలో మా చెల్లెలు నిలబడి ఉంది. అదీ కాళ్ళే చూస్తోంది. ఎక్కడా కుంటలేదు.

మండపం గుమ్మంలో ఆయన బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. అక్కడ వందల చెప్పులు గుట్టపడి ఉన్నాయి. వాటిని అందులో వదలడానికి నాకు మనసొప్పలేదు. చేతిలో పట్టుకునే పనులన్నీ చూసుకుంటున్నాను. వంటవాళ్ళ దగ్గరికి బూట్లతోనే వెళ్ళి తిట్లు తిన్నాను. అలా మెట్ల దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

"అన్నా."

మూడు నెలలైంది ఆ మాట విని. తిరిగి చూస్తే మా చెల్లెలు, పట్టుచీరలో, తల నిండా పూలతో, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది, ఆ బూట్లు పట్టుకోనే తిరగతా ఉండావు?"

"ఎవురన్నా ఎత్తుకపోతారేమోనని."

నా నాలుక చివరకు ఒక మంచి జోకు వచ్చింది. జీవితంలో మొదటిసారి దాన్ని మింగేశాను. అది రెండు మెట్లు దిగి వచ్చి, నా చేతిలోంచి బూట్లు తీసుకుని, కుట్లు తడిమి చూసింది.

"ఎత్తుకపోతే నువ్వే ఎత్తుకపోవాల," అంది. "ఇంకెవురి కాలికి పడతాయి ఈ చేటలు?"

నాకు ఏడుపొచ్చేసింది. ఏందన్నా అని అడిగితే కళ్ళల్లో హోమం పొగ పడిందన్నాను. హోమం మర్నాడు పొద్దునకి.